మార్మన్ల వ్యాసంలో మూడు ఎర్ర గీతలు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మా అమ్మాయిని చూడ్డానికి పెళ్లివారు వచ్చారు. మా ఇంట్లో టీ, కాఫీ ఉండవు. బాదంపాలు ఇచ్చాం. సికింద్రాబాద్‌లో ఇంటికొచ్చినవాళ్లకు చాయ్ పోయకపోతే ఏదో ఉందనే అనుకుంటారు. అడిగారు, చెప్పాను: మేం మార్మన్లం, అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ సంఘం వాళ్లం, టీ, కాఫీ తాగకూడదన్నది మాకు 1833 నాటి నియమం అని. అబ్బాయి మేనమామ వెంటనే ఫోన్ తీసి ఆ రోజే మీ అనుబంధంలో మా సంఘం మీద వచ్చిన వ్యాసం చూపించాడు. "మీలో ఇప్పటికీ నలుగురైదుగుర్ని చేసుకుంటారటగా?" అన్నాడు. మా ఆవిడ ప్లేట్లు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. నాకు ఆవిడ ఒక్కతే భార్య అని ఆవిడ ముందే చెప్పుకోవాల్సి వచ్చింది.

ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్ది రిటైరైనవాణ్ణి. వాళ్లు వెళ్లాక మీ పేపరు, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను. మూడు చోట్ల గీత పడింది. టిక్కులు కూడా పడ్డాయి, వాటి సంగతీ చెబుతాను.

బహుభార్యత్వం "నేటికీ" సాగుతోందని రాశారు. 1890లో మా సంఘం అధ్యక్షుడు విల్‌ఫర్డ్ వుడ్రఫ్ దాన్ని ఆపుతూ ప్రకటన ఇచ్చాడు. ఆ తర్వాత కూడా చాటుగా కొన్ని పెళ్లిళ్లు జరిగాయి కాబట్టే 1904లో ఇంకో ప్రకటన అవసరమైంది. ఇవాళ ఎవరైనా రెండో భార్యను తెచ్చుకుంటే సభ్యత్వం పోతుంది. టీవీల్లో కనిపించే ఆ పెద్ద పెద్ద కుటుంబాలు వేరే వర్గాలవి. వాళ్లకీ మాకూ సంబంధం లేదు.

అయితే మా సంఘాన్ని స్థాపించిన జోసెఫ్ స్మిత్ చాలామందిని చేసుకున్నాడన్న మీ వాక్యానికి టిక్కు పెట్టాను. ముప్పై నుంచి నలభై మంది ఉండొచ్చని, వాళ్లలో ఒకమ్మాయికి పదిహేనేళ్లు కూడా నిండలేదని 2014లో సంఘమే ప్రకటించింది. ఆడపిల్ల తండ్రిని, అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ కాలంలో మామూలేనని మావాళ్లు కొందరు అంటారు. మా నాయనమ్మకీ పదమూడో ఏటే పెళ్లయింది. అయినా ఆ మాట నా నోటికి రాదు.

రెండో గీత, నల్లవాళ్లకు మా సంఘంలో చోటే లేదన్న చోట. సభ్యత్వం ఎప్పుడూ ఆపలేదు. ఆపింది యాజకత్వాన్నీ, అంటే సంఘంలో మతవిధులు జరిపే అధికారాన్నీ, ఆలయంలో జరిగే ముఖ్యమైన విధులనూ. 1852లో అప్పటి మా అధ్యక్షుడు బ్రిగమ్ యంగ్ బాహాటంగా చెప్పిన ఆ నిషేధం 1978 జూన్ దాకా నడిచింది. నూట ఇరవై ఆరేళ్లు! నేను దిద్దినంత మాత్రాన అది మంచిదైపోదు. మా తాతను పాతిపెట్టిన ఊళ్లో క్రైస్తవుల శ్మశానంలోనే మాలలకో మూల, మాదిగలకో మూల ఉండేది. అలాంటి చోటు నుంచి వచ్చినవాణ్ణి, దీన్ని ఎలా వెనకేసుకొస్తాను? దానికి చెప్పిన పాత కారణాలన్నీ తప్పని సంఘం ఒప్పుకోవడానికి 2013 దాకా పట్టింది. హైదరాబాద్‌లో మా సంఘానికి నాంది పడింది కూడా 1978లోనే. పసిఫిక్ దీవి సమోవాలో ఉద్యోగం చేసే ధర్మరాజు గారు, ఆయన భార్య డిసెంబరులో ఇక్కడికి వచ్చారు. వాళ్ల బంధువులు 22 మంది అప్పుడు బాప్తిస్మం తీసుకున్నారు. ఆ నిషేధం పోయి అప్పటికి ఆరు నెలలే.

మూడోది నా వృత్తికి సంబంధించింది, కాస్త ఓపిక పట్టండి. మా పవిత్ర గ్రంథమైన మార్మన్ గ్రంథంలో దాదాపు నాలుగు వేల మార్పులు జరిగాయి కాబట్టి అది దొంగ పుస్తకమని తేల్చారు. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలోని పల్మైరాలో గ్రాండిన్ అనే ఆయన ప్రెస్సులో 5,000 కాపీలు వేశారు. చేతిరాత ప్రతిలో కామా లేదు, ఫుల్‌స్టాప్ లేదు. జాన్ గిల్బర్ట్ అనే కంపోజిటర్ ఆ కాగితాలు సాయంత్రం ఇంటికి తీసుకెళ్లి పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకునేవాడు. ఆయన మా మతంలో చేరినవాడు కాదు, కూలికి పని చేశాడు. తర్వాతి ముద్రణల్లో దిద్దినవి చాలావరకు అక్షరదోషాలు, వ్యాకరణమే. అంకె చూసి జడిసిపోయే పని లేదు. ఏ ప్రెస్సులోనైనా ఒక పుస్తకం గ్యాలీలు (దిద్దడానికి తీసే ప్రూఫులు) తెప్పించి ఎర్ర గీతలు లెక్కపెట్టండి, తెలుస్తుంది.

కానీ మీ వ్యాసకర్త అసలైనవి వదిలేశాడు. మరియను గురించి "దేవుని తల్లి" అని ఉన్నది 1837లో "దేవుని కుమారుని తల్లి" అయింది. విశ్వాసులైతే తెల్లగా మారతారన్న చోట "తెల్లని" తీసి 1981లో "శుద్ధమైన" అని పెట్టారు. ఇవి కామాలు కావు, అర్థాన్నే మార్చాయి. విమర్శించాలంటే ఇక్కడ పట్టుకోవాలి. ఈజిప్టు పపైరస్ (పాతకాలపు కాగితం) నుంచి జోసెఫ్ స్మిత్ అనువదించానన్న మా అబ్రాహాము గ్రంథం మీద మీరు రాసింది మాత్రం సరే. 1967లో తిరిగి దొరికిన పపైరస్ ముక్కల్లో ఉన్నవి ఈజిప్టువాళ్లు శవాలతో పెట్టే రాతలని పండితులు చదివి చెప్పారు. ఆ ముక్కల మీది అక్షరాలకూ మా గ్రంథానికీ పొంతన లేదని సంఘమూ కాదనడం లేదు.

ఇన్ని తెలిసీ ఆదివారం గుడికెందుకు వెళ్తావని మా తమ్ముడు అడుగుతాడు. వాడికి ఇంట్లో చెప్పుకుంటాను, ఈ ఉత్తరంలో పట్టదు.

అడిగేది ఒక్కటే. లోపలి పేజీలో, చిన్న అక్షరాల్లోనైనా సరే, సవరణ వేయండి. మూడూ వేయడానికి చోటు లేకపోతే 1890 అన్న సంవత్సరం ఒక్కటి చాలు. నా పేరు మాత్రం వేయకండి, సంబంధం ఇంకా నడుస్తోంది. ఏ సంగతీ పది రోజుల్లో చెబుతామన్నారు పెళ్లివారు. ఆ మేనమామ మీ పత్రికే చదువుతాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ప్రూఫ్‌రీడర్,
సికింద్రాబాద్