మంచాన పడ్డవారి ఇళ్లకు వెళ్లే పరిచర్య కోసం: చిత్తూరు సంఘ కమిటీ విరాళాల విజ్ఞప్తి

ప్రభువునందు ప్రియమైన సంఘస్తులకు, చిత్తూరు పట్టణంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఉన్న సహోదర సహోదరీలకు వందనాలు.

పేతురు అత్త జ్వరంతో పడి ఉంటే యేసు ఆమె చెయ్యి పట్టి లేపాడు. జ్వరం వదలగానే ఆమె వాళ్లకు ఉపచారం చేయడం మొదలుపెట్టింది. మార్కు 1:31లో ఉన్న మాట ఇదే. దేవుడు మన శ్రమల్లో మనల్ని ఆదరించేది శ్రమల్లో ఉన్న ఇతరులను మనం ఆదరించడానికేనని పౌలు కూడా 2 కొరింథీ 1:4లో రాశాడు. గురువారం సాయంత్రం ప్రార్థన కూటంలో మనసు గాయాలకు స్వస్థత పొందినవారు చాలామంది ఇప్పుడు మంచాన పడ్డవారి ఇళ్లకు వెళ్లడానికి పేర్లు ఇచ్చారు. మనుషులు సిద్ధంగా ఉన్నారు, సామాను లేదు. అందుకే ఈ విజ్ఞప్తి.

ఎవరిని పంపుతామో ముందు చెప్పాలి. భర్తనో బిడ్డనో పోగొట్టుకున్నవారు, తాగుడు మానినవారు, ఇంట్లో ఎన్నో ఏళ్లు మాటలు పడ్డవారు ప్రార్థనకు వస్తారు. మొదట వాళ్లను చెప్పనిస్తాం, మధ్యలో వాక్యం చదవం. దేవుని మీద కోపం ఉంటే దాన్నీ చెప్పనిస్తాం. ‘ఎంతకాలం యెహోవా’ అని 13వ కీర్తనలో దావీదు అడగలేదా? క్షమించమని తొందరపెట్టం. మనసు కాస్త కుదుటపడ్డాకే చిన్న పని అప్పగిస్తాం, దుప్పట్లు ఉతకడం, అన్నం క్యారియర్ చేర్చడం లాంటిది. దుఃఖం తీరకముందే ఓదార్చడానికి వెళ్లినవారు రోగి మాట వినలేరు, తమ కథే చెప్పుకుని వస్తారు. మరికొందరు సొంత బాధ తలుచుకోకుండా ఉండడానికి సేవలో పడి, నాలుగు నెలలకే అలసిపోయి సంఘానికే రావడం మానేస్తారు. నిద్ర పట్టనివారిని, చచ్చిపోవాలనిపిస్తోందని చెప్పేవారిని ప్రార్థనతో సరిపెట్టి పంపకూడదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి, మానసిక బాధలో ఉన్నవారికి ఫోనులో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలి మానస్ 14416 నంబరు చేతికివ్వాలి.

ఇక ఇంటి దగ్గర పని. వెల్లూరు ఆసుపత్రుల నుంచి డిశ్చార్జి అయి గుడిపాల, యాదమరి, గంగాధర నెల్లూరు వైపు పల్లెలకు తిరిగొచ్చే పక్షవాతం రోగులకు, వెన్నెముక దెబ్బతిన్నవారికి అసలు కష్టం ఇంటికొచ్చాకే మొదలవుతుంది. జూన్, జూలైల్లో తోతాపురి కాయ కోతలకు ఇల్లంతా కూలికి పోతే పగలంతా మంచం పక్కన ఎవరూ ఉండరు. చెమటకు తడిసిన ఒళ్లు ఒకే పక్కన ఒత్తుకుని నడుం కింద, మడమల దగ్గర, తుంటి మీద పుళ్లు పడతాయి. రెండు గంటలకోసారి పక్క మార్చాలి. చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగా కనబడదు కాబట్టి చేత్తో తాకి చూడాలి; ఆ చోటు వేడిగానో గట్టిగానో ఉంటే పుండు మొదలైనట్టే. చాలా ఇళ్లలో అక్కడే నూనె పోసి మర్దన చేస్తారు, లేకపోతే నడుం కింద రింగు దిండు పెడతారు. రెండూ కీడే. మర్దనకు లోపలి కండ ఇంకా దెబ్బతింటుంది, రింగు చుట్టూ రక్తం ఆగిపోతుంది. అన్నం పెట్టేటప్పుడు వీపు ఎత్తి కూర్చోబెట్టి, తిన్నాక అరగంట అలాగే ఉంచాలి. పడుకోబెట్టి తినిపిస్తే మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మూత్రం గొట్టానికి తగిలించిన సంచి ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందే వేలాడాలి. ఇవన్నీ పరిచారకులకు ఒక నర్సు నేర్పుతారు.

ఇద్దరిద్దరుగా వెళ్తారు, ఆడవారి దగ్గరికి ఆడవారే. హిందువుల ఇళ్లకూ ముస్లింల ఇళ్లకూ ఇదే పద్ధతి. ఇంటివారు అడిగితేనే ప్రార్థన. కరపత్రాలు పంచరు, మందులు ఆపమని చెప్పరు, విశ్వాసం చాలలేదన్న మాట ఎత్తరు. ఆ చివరి మాట చేసే గాయం మానడానికి ఎంత కాలం పడుతుందో గురువారం కూటానికి వచ్చేవారికి బాగా తెలుసు.

కావలసినవి: పంపుతో నడిచే ఎయిర్ బెడ్లు 6, వాటి కింద వేయడానికి నాలుగంగుళాల ఫోం పరుపులు 6. పల్లెల్లో కరెంటు పోతే పంపు ఆగి, గాలి దిగి, రోగి బల్ల మీదికి వచ్చేస్తాడు కాబట్టి ఫోం తప్పనిసరి. ఎయిర్ బెడ్ ఉన్నా పక్క మార్చడం మానకూడదు. వీల్‌చైర్లు 4, కమోడ్ కుర్చీలు 4, రబ్బరు షీట్లు 20, చేతి తొడుగుల పెట్టెలు 30, పెద్దల డైపర్లు ఎన్నైనా (లార్జ్ సైజే ఎక్కువ ఖర్చవుతుంది). ఆటో ఖర్చులకు, నర్సుకిచ్చే గౌరవ వేతనానికి డబ్బు కావాలి. డబ్బు లేనివారు ఉతికిన పాత నూలు చీరలు, పంచెలు ఇవ్వండి. రోగి కింద పరిచి ఇద్దరు చెరో కొస పట్టుకుంటే చర్మం రాసుకోకుండా పక్క మార్చవచ్చు. అందుకు మెత్తని పాత చీరను మించింది లేదు. పాలియెస్టర్ వద్దు, చెమట పీల్చదు. వాడిన దూది పరుపులు, మిగిలిన మందులు తీసుకోము.

మంచి సమరయుడు పూటకూళ్లవానికి రెండు దేనారాలిచ్చి, ఇంకేమైనా ఖర్చయితే తిరిగొచ్చి ఇస్తానన్నాడు. మీరూ ఒక్కసారి ఇచ్చి ఊరుకోకుండా, చిన్న మొత్తమైనా సరే, ఒక సంవత్సరం పాటు నెలనెలా ఇవ్వగలరేమో ఆలోచించండి. డైపర్లు, ఆటో ఖర్చు ప్రతి నెలా ఉండేవే. దశమభాగంలోంచి తీసి దీనికి ఇవ్వవద్దు. అప్పు చేసి అసలే వద్దు.

ఆదివారం ఆరాధన తర్వాత కోశాధికారి దగ్గర ఇచ్చి రసీదు తీసుకోండి. కవరు మీద ‘గృహ పరిచర్య’ అని రాయండి, లేకపోతే అది మామూలు కానుకల్లో కలిసిపోతుంది. ఖాతా నుంచి డబ్బు తీయాలంటే ఇద్దరి సంతకాలుండాలి. కొన్న ప్రతి వస్తువు బిల్లును నెల మొదటి ఆదివారం నోటీసు బోర్డు మీద పెడతాం, కానీ రోగుల పేర్లు అందులో ఉండవు. మీ ఇంట్లోనో మీ వీధిలోనో మంచాన పడ్డవారు ఉంటే, విరాళం ఇచ్చినా ఇవ్వకపోయినా, కోశాధికారి పక్క బల్ల దగ్గర చిరునామా రాయించండి.

ఇట్లు,
సంఘ కమిటీ, చిత్తూరు