ఉష్ణోగ్రత చెప్పేది ఉగ్రతను, పరిమాణాన్ని కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక విజ్ఞాన పుటలో ఇటీవల విద్యార్థుల కోసం ప్రచురించిన వ్యాసంలోని రెండు వాక్యాలు నా చేత ఈ ఉత్తరం రాయిస్తున్నాయి. ఉష్ణోగ్రత అంటే ఒక వస్తువులో ఉన్న మొత్తం వేడి అన్నది మొదటిది. 100 డిగ్రీల ఇనుములోనూ, అంతే బరువున్న 100 డిగ్రీల నీటిలోనూ ఒకే వేడి ఉంటుందన్నది రెండోది. వాటి పక్కనే గడి కట్టి ఇచ్చిన సూత్రం ఉష్ణాన్ని ద్రవ్యరాశి, ఉష్ణోగ్రతల లబ్ధంగా చూపింది. ఇవి అచ్చుతప్పులైతే చూసీ చూడనట్టు ఊరుకునేవాణ్ణి. కానీ భౌతికశాస్త్రం బోధించేవాడిగా ఏటా తరగతిలో నేను విడదీయడానికి అవస్థపడే ముడి సరిగ్గా ఇదే.

నిజానికి ఈ తేడాను మన మాటే చెబుతోంది. ఉష్ణం, ఉగ్రత కలిసి ఉష్ణోగ్రత అయింది. ఉగ్రత అంటే తీవ్రతే తప్ప మోతాదు కాదు. వ్యవహారంలో మాత్రం రెంటికీ 'వేడి' అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటాం. పొయ్యి మీంచి మనదాకా వచ్చేదాన్ని 'సెగ' అనడం ఇంతకన్నా నయం, ఎందుకంటే శాస్త్రం ఉష్ణమని పిలిచేది కూడా ఇలా ఒకచోటి నుంచి మరోచోటికి చేరే శక్తినే. కచ్చితంగా చెప్పాలంటే వస్తువులో నిలవ ఉండేది అంతర్గత శక్తి. ఉష్ణోగ్రతల్లో తేడా వల్ల చేతులు మారేటప్పుడే దానికి ఉష్ణమన్న పేరు.

రెండో వాక్యాన్ని పరీక్షించడానికి ఒక థర్మామీటరు, ఒక ఇనుప గుండు చాలు. 200 గ్రాముల గుండును మరిగే నీటిలో చాలాసేపు ఉంచి, దానికి అంటిన నీరు విదిల్చి, 30 డిగ్రీల దగ్గర ఉన్న 200 గ్రాముల నీటిలో వేస్తాను. వేసేముందు చివరి ఉష్ణోగ్రత ఎంతో ఊహించమంటే తరగతిలో సగానికి పైగా 65 అంటారు, ఎందుకంటే 100కీ 30కీ నట్టనడుమ ఉన్నది అదే. పాదరసం కదలడం మొదలుపెట్టి 36 దాటుతుంది, 37కు చేరీ చేరకుండా ఆగుతుంది. పిల్లలు థర్మామీటరు పాడైందంటారు. అప్పుడు గుండుకు బదులు 100 డిగ్రీల నీరే 200 గ్రాములు పోస్తే, పాత్ర లాగేసుకున్న కాస్త పోగా, వాళ్లు ఊహించిన 65 దగ్గరికి వస్తుంది. ఇనుము 63 డిగ్రీలు దిగి ఇచ్చిన ఉష్ణంతో అంతే బరువున్న నీరు 7 డిగ్రీలే పెరిగింది. అంటే గ్రాముకు డిగ్రీ చొప్పున నీటికి 1 కెలోరీ కావాలి, ఇనుముకు 0.11 కెలోరీ చాలు. ఈ అంకెనే విశిష్టోష్ణం అంటాం. మీ సూత్రంలో లోపించింది ఇదే.

ద్రవ్యరాశి సంగతికి వస్తే, సాన రాయి దగ్గర ఎగిరే నిప్పురవ్వ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. తెల్లగా మెరిసే ఆ రవ్వ ఉష్ణోగ్రత 1000 డిగ్రీలు దాటి ఉంటుంది, అయినా చేతి మీద పడితే చురుక్కుమనడం కూడా అరుదు. మిల్లీగ్రాములో వందో వంతు బరువున్న ఇనుప రవ్వ అన్ని డిగ్రీలూ చల్లారినా మన చర్మానికి ఇవ్వగలిగేది సుమారు ఒక కెలోరీలో వెయ్యో వంతు. (కంటి విషయం వేరు, అక్కడ అంత చిన్న రవ్వతోనూ పరాచికాలు కూడదు.) అదే చేతి మీద 80 డిగ్రీల నీరు 100 గ్రాములు ఒలికితే, అది 35 డిగ్రీలకు చల్లారేలోగా వదిలేది 4500 కెలోరీలు. ఉష్ణోగ్రతను బట్టి చూస్తే రవ్వ భయంకరమైనది, ఒళ్లు కాలేది మాత్రం నీటివల్ల.

మీ వ్యాసకర్తను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, ఎందుకంటే ఈ పొరపాటు పెద్దపెద్ద వాళ్లను కూడా తికమక పెట్టింది. ఉష్ణం వస్తువుల పరిమాణాన్ని బట్టో, బరువును బట్టో పంచుకోబడుతుందని పద్దెనిమిదో శతాబ్దపు తొలి దశకాల్లో అనుకునేవారు. పాదరసం ఈ లెక్కను తలకిందులు చేసింది. ఒకే ఘనపరిమాణంలో అది నీటికన్నా 13.6 రెట్లు బరువు. అయినా వేడి పాదరసాన్ని అంతే ఘనపరిమాణపు చల్లని నీటిలో కలిపితే చివరి ఉష్ణోగ్రత మధ్యలో ఆగక నీటివైపే ఒరుగుతుంది. ఏ పదార్థానికి ఆ పదార్థమే ఉష్ణాన్ని తనదైన మోతాదులో ఇముడ్చుకుంటుందని, థర్మామీటరు చూపేదీ ఆ మోతాదూ ఒకటి కావని 1760 ప్రాంతంలో స్కాట్లండ్‌లోని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్ తేల్చాడు.

మంచు కరిగేటప్పుడు ఉష్ణోగ్రత కదలకపోవడాన్ని లెక్కగట్టినవాడూ ఆయనే. సున్నా డిగ్రీల దగ్గర గ్రాము మంచు నీరుగా మారడానికి 80 కెలోరీలు మింగుతుంది, థర్మామీటరు మాత్రం సున్నా దగ్గరే నిలబడి ఉంటుంది. ఉష్ణోగ్రతే మొత్తం వేడి అయితే ఆ 80 కెలోరీలు ఎక్కడికి పోయాయో మీ మొదటి వాక్యం చెప్పలేదు.

కాబట్టి గడి కట్టి ఇచ్చిన సూత్రాన్ని ఇలా సవరించి మళ్లీ ప్రచురించవలసిందిగా మనవి: వస్తువు గ్రహించిన లేదా కోల్పోయిన ఉష్ణం = ద్రవ్యరాశి × విశిష్టోష్ణం × ఉష్ణోగ్రతలోని మార్పు. చివరి పదంలో 'మార్పు' అన్న మాటను స్థలాభావం పేరిట కత్తిరించవద్దు. అది లేకపోతే సున్నా డిగ్రీల నీరు ఏ ఉష్ణమూ ఇవ్వలేనిదైపోతుంది, సున్నాకు దిగువన ఉన్న వస్తువు ఉష్ణం రుణాత్మకమవుతుంది. వస్తువు స్థితి మారనంతవరకే ఈ సూత్రం చెల్లుతుందని కింద ఒక పంక్తి చేరిస్తే మంచు గురించి అడిగే పిల్లలకూ జవాబు దొరుకుతుంది. మీ పుటలో ఇకపై ఉష్ణాన్ని కెలోరీల్లో లేదా జౌళ్లలో, ఉష్ణోగ్రతను డిగ్రీల్లో రాస్తే చాలు, పత్రిక చేతబట్టుకుని తరగతికి వచ్చే విద్యార్థులతో నాకు సగం వాదన తగ్గుతుంది.

భవదీయుడు,
ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు