జన్మతః పౌరసత్వం ఎవరి కోసం వచ్చింది?

సంపాదకులకు,

అమెరికాలో జన్మతః పౌరసత్వం గురించి మీరు ఆదివారం వేసిన వ్యాసంలో, అది 'వలస వచ్చినవాళ్లకు ఆ దేశం ఇచ్చిన వెసులుబాటు' అని రాశారు. ముప్పై ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పినవాణ్ని, ఆ మాట దగ్గర ఆగిపోయాను. ఆ హక్కు రాజ్యాంగంలోకి వచ్చింది బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ల కోసం.

నల్లజాతివాళ్లు బానిసలైనా, స్వతంత్రులైనా అమెరికా పౌరులు కాలేరని 1857లో డ్రెడ్ స్కాట్ అనే బానిస వేసిన కేసులో అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. నాలుగేళ్లకు ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం మొదలైంది. ఆ యుద్ధం రాష్ట్రాల హక్కుల కోసమే జరిగిందని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. దేశం నుంచి విడిపోతూ దక్షిణాదిలోని మిసిసిపీ రాష్ట్రం రాసుకున్న ప్రకటన తీసి చూడండి. తమ వైఖరి బానిస వ్యవస్థతో ముడిపడి ఉందని మొదట్లోనే దాపరికం లేకుండా చెప్పుకున్నారు. ఆరు లక్షలకు పైగా జనం చచ్చిపోయాక, దాదాపు 40 లక్షల మందికి విడుదల దొరికింది.

ఆ విడుదల ఎలాంటిదో మా అమ్మాయి దగ్గరికి హ్యూస్టన్ వెళ్లినప్పుడు తెలుసుకున్నాను. అక్కడికి గంట ప్రయాణం గాల్వెస్టన్. 1865 జూన్ 19న కేంద్ర సైన్యం తరఫున జనరల్ గ్రేంజర్ బానిసలందరూ స్వతంత్రులని ఉత్తర్వు ఇచ్చింది ఆ ఊళ్లోనే. ఉత్తర్వు చదివితే ముందు సంబరపడతాం: యజమానికీ బానిసకీ హక్కుల్లో, ఆస్తిలో సంపూర్ణ సమానత్వం అంటుంది. కాస్త కిందికి వస్తే, ఉన్నచోటే ఉండి కూలికి పనిచేసుకోండి, సోమరిగా కూర్చుంటే పోషించేది లేదు అంటుంది. తరతరాలుగా జీతం లేకుండా చాకిరీ చేసినవాళ్లకు సోమరితనం మీద హెచ్చరిక!

ఆ ఏడాది చివరికల్లా మిసిసిపీ కొత్త చట్టాలు చేసింది. నల్లవాడు ఏటా జనవరిలో తనకు పని ఉందని కాగితం చూపించాలి. లేకపోతే దేశదిమ్మరి అని జరిమానా. కట్టలేకపోతే, ఆ సొమ్ము ఎవరు కడితే వాళ్ల దగ్గర పనిచేసి తీర్చాలి. పట్టణాల బయట పొలం కౌలుకు తీసుకునే వీల్లేదు. బానిసత్వాన్ని రద్దుచేసిన 13వ సవరణలోనే 'నేరానికి శిక్షగా తప్ప' అని ఒక మినహాయింపు ఉంది కదా, ఖైదీలను తోటలకూ గనులకూ అద్దెకిచ్చే దందా దాని చాటునే సాగింది. అప్పు పేరుతో పాలేర్లను కట్టేసుకున్న ఊళ్లలో పెరిగినవాళ్లకు ఇదంతా విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ దగా చూశాకే 1868లో 14వ సవరణ వచ్చింది. అమెరికా గడ్డ మీద పుట్టి, అక్కడి చట్టం పరిధిలో ఉన్నవాళ్లందరూ పౌరులే అని రాజ్యాంగంలో రాసేశారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా తల్లిదండ్రులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ 1898లో సుప్రీంకోర్టులో గెలిచింది ఆ వాక్యం మీదే. మనవాళ్ల పిల్లలకు అక్కరకొచ్చిందీ అదే. మనకంటూ విడిగా ఎవరూ తలుపు తీయలేదు. 1923లో, పంజాబ్ నుంచి వెళ్లిన భగత్ సింగ్ థిండ్ కేసులో, భారతీయులు తెల్లవాళ్ల కింద రారు కాబట్టి వలస వెళ్లినవాళ్లకు పౌరసత్వం ఇవ్వడం కుదరదని అదే కోర్టు తేల్చింది. మన డాక్టర్లు, ఇంజినీర్లు పెద్ద సంఖ్యలో వెళ్లడానికి దారి చేసిన వలస చట్టం 1965లో వచ్చింది. నల్లవాళ్లు రోడ్ల మీద లాఠీ దెబ్బలు తిని ఓటు హక్కు చట్టం సాధించుకున్నదీ ఆ ఏడాదే.

తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లకు అక్కడ పుట్టే పిల్లలకు పౌరసత్వం ఇవ్వొద్దని 2025 జనవరి 20న ట్రంప్ ఉత్తర్వు వచ్చాక, హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న మనవాళ్ల ఇళ్లలో ఎంత టెన్షన్ మొదలైందో నాకు తెలుసు. మా అమ్మాయి స్నేహితురాలు అప్పుడు నిండు గర్భిణి. వాళ్లింట్లో భోజనానికి కూర్చున్నప్పుడు మాట ఇళ్ల ధరల మీదికి మళ్లింది. "అటువైపు కొనకండి అంకుల్, నల్లోళ్లు ఎక్కువ" అన్నాడు ఆ అమ్మాయి భర్త. మంచి కుర్రాడే. నా నోట మాట రాలేదు, పెరుగన్నం కలుపుకుంటూ ఉండిపోయాను. అప్పుడు అనాల్సింది ఇప్పుడు మీకు రాస్తున్నాను.

ఆ వ్యాసంలోని 'వెసులుబాటు' అన్న మాటను సవరించండి. వీసా వార్తలకు రోజూ అరపేజీ ఇస్తున్నారు, ఈ ఒక్కసారికి 14వ సవరణ ఎలా వచ్చిందో కూడా వేయండి. మీ పత్రిక వెబ్‌సైట్ డల్లాస్‌లోనూ చదువుతారు.

— ఒక రిటైర్డ్ టీచర్, గుంటూరు