కాంటన్‌లో కంచు తలలు

కొలంబస్, ఒహాయో

ఒరేయ్ వాసూ,

నీ ఉత్తరం అందింది. అమ్మకి మోకాళ్ళ ఆపరేషన్ బాగా జరిగిందన్నావు, హమ్మయ్య. మెట్లెక్కనివ్వకు, ఆవిడ మాట వినదని నాకు తెలుసు. ఇక "ఆ హెల్మెట్ల ఆటలో ఏముందిరా, కుమ్ముకోవడమేగా" అని వెక్కిరించావు చూడూ, దానికి ఫోన్లో జవాబు చెప్తే మధ్యలో అడ్డం పడతావు. అందుకే కాయితం మీద పెడుతున్నా.

వేసవిలో పిల్లల్ని తీసుకుని కాంటన్ వెళ్ళొచ్చాం. ఇక్కణ్ణించి కారులో రెండు గంటల దారి. అమెరికన్ ఫుట్‌బాల్ మహామహులందరికీ గుడి కట్టింది ఆ ఊళ్ళోనే. దాన్ని హాల్ ఆఫ్ ఫేమ్ అంటారు. న్యూయార్క్, చికాగో వదిలేసి అంత చిన్న ఊళ్ళో ఎందుకనేగా? లీగు పుట్టింది అక్కడే మరి. 1920 సెప్టెంబర్ 17న రాల్ఫ్ హే అనే ఆయన కార్ల షోరూంలో టీముల వాళ్ళు కూడారు. కుర్చీలు చాలక కొందరు కార్ల ఫుట్‌బోర్డుల మీదే కూచున్నారట. జనం గుర్తుపట్టే పేరు కావాలని జిమ్ థోర్ప్‌ని ప్రెసిడెంట్ చేశారు. 1912 ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండూ గెలిచిన ఆదివాసీ వీరుడాయన. ఆ లీగే రెండేళ్ళకి ఎన్‌ఎఫ్‌ఎల్, అంటే నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ అయింది. హాల్ మాత్రం 1963లో తెరిచారు, మొదటి విడతలో 17 మందితో.

లోపల ఒక గది ఉంటుందిరా, గోడల వెంట వరసలు వరసలుగా కంచు తలలు. మన ట్యాంక్‌బండ్ మీద ఉన్నట్టు నిలువెత్తువి కావు, భుజాల దాకానే. మావాడు పాయింట్లు, రికార్డులు వెతుక్కుంటూ తిరిగాడు గానీ, నేను చూసిందల్లా ఒకటే: ఎవర్ని ఎప్పుడు లోపలికి రానిచ్చారు, ఎవర్ని ఎన్నేళ్ళు గుమ్మంలో నిలబెట్టారు.

పద్ధతి ఇదీ. ఆట మానేసి అయిదేళ్ళు కావాలి. ఎక్కువగా క్రీడా విలేకరులుండే ఒక కమిటీ ఓటు వేస్తుంది. నూటికి 80 మంది ఒప్పుకుంటేనే చోటు. 2025లో మొత్తం నలుగురే గట్టెక్కారు. వాళ్ళలో స్టెర్లింగ్ షార్ప్ కథ నీకు చెప్పాలి.

గ్రీన్ బే ప్యాకర్స్ టీములో రిసీవర్, అంటే పరిగెత్తుతూ బంతి అందుకునేవాడు. మూడు సీజన్లలో లీగు మొత్తం మీద అందరికన్నా ఎక్కువ క్యాచ్‌లు అతనివే. 1994లో మెడకి దెబ్బ తగిలింది, ఆడింది ఏడు సీజన్లే, అంతటితో సరి. రెండేళ్ళు తిరిగేసరికి ఆ టీము సూపర్ బౌల్, అంటే లీగు ఫైనల్, గెలిచింది, ఇతను లేకుండా. తమ్ముడు షానన్ కూడా పెద్ద ఆటగాడే. మూడు సూపర్ బౌల్స్ గెలిచాడు, గెలిచినవాళ్ళకిచ్చే ఉంగరాల్లో మొదటిది తీసుకెళ్ళి అన్న చేతిలో పెట్టాడు. 2011లో తనకి హాల్లో చోటిచ్చినప్పుడు వేదికెక్కి, ఇందులో ఉన్నవాళ్ళలో సొంతింట్లోనే రెండో స్థానం నాకొక్కడికే అన్నాడు. అందరి ముందూ అన్న తరఫున వాదించడానికి ఆ రోజే వాడుకున్నాడన్నమాట! ఆ తర్వాత ఇంకో పద్నాలుగేళ్ళు పట్టింది.

ఇది ముచ్చటగా ముగిసిన కథ. ఫ్రిట్జ్ పొలార్డ్‌ది అలా కాదు. 1920లో మొదటి ఛాంపియన్లయిన యాక్రన్ టీములో ఆడాడు, ఆ మరుసటేడు అదే టీముకి కోచ్ కూడా. లీగులో మొట్టమొదటి నల్లజాతి కోచ్ అతనే. యాక్రన్ ఎంత దూరమనుకున్నావు, కాంటన్ పక్క ఊరే. అయినా హాల్లోకి రావడానికి 2005 దాకా పట్టింది. మనిషి పోయిందేమో 1986లో. ఇంకో పక్క, 1963 తొలి జాబితాలోనే దర్జాగా కూర్చున్న జార్జ్ ప్రెస్టన్ మార్షల్ ఎవరు? వాషింగ్టన్ టీము యజమాని. మిగతా టీములన్నీ నల్లజాతి ఆటగాళ్ళని తీసుకున్నాక కూడా 1962 దాకా మొండికేసినవాడు. అదీ ప్రభుత్వం స్టేడియం ఇవ్వనంటే దిగొచ్చాడు. ఆట పెంచాడు, ప్రచారం తెచ్చాడు, ఒప్పుకుంటా. అయినా నాకు మింగుడు పడలేదురా.

2006లో జాన్ మాడెన్ అనే కోచ్ తన సన్మానం నాడు, రాత్రి లైట్లు ఆర్పేశాక ఈ తలలన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయని నేను నమ్ముతా అన్నాడు. జనం నవ్వారు. పొలార్డ్ వచ్చి అప్పటికి ఏడాదే. మార్షల్‌తో ఏం మాట్లాడి ఉంటాడో నాకు వినాలనుంది.

మైదానం బయట ఏం చేశారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. ఓ.జె. సింప్సన్ అనే ఆటగాడికి 1985లో చోటిచ్చారు, తర్వాత మాజీ భార్య హత్య కేసులో అంత రభస జరిగినా ఆ తల అక్కడే ఉంది. మా ఆవిడ దాని ముందు ఆగి, "ఇదేం న్యాయం?" అంది. నా దగ్గర జవాబు లేదు.

కోచ్‌ల గురించి ఎక్కువ రాయను, నీకు ఓపికుండదు. విన్స్ లొంబార్డి ఏడేళ్ళలో అయిదు టైటిళ్ళు గెలిపించాడు. సూపర్ బౌల్ ట్రోఫీకి ఆయన పేరే. కానీ 1970లో క్యాన్సర్‌తో పోయాడు, హాల్ గౌరవం ఆ మరుసటేడు వచ్చింది. డాన్ షూలా 1972లో ఒక్క ఆటా ఓడకుండా 17కి 17 గెలిచాడు. ఆ రికార్డు ఇంకా అలాగే ఉంది.

ఇప్పుడు నీ వంతు. మన లక్ష్మణ్ ఒక్క వరల్డ్ కప్ మ్యాచ్ కూడా ఆడలేదు కదా. ఈ 80 శాతం రూలు పెట్టి, ఈడెన్‌లో కొట్టిన 281 చూపిస్తే మొదటి ఏడాదే లోపలికొస్తాడా, షార్ప్‌లాగా పాతికేళ్ళు నిలబడతాడా? సీతయ్య కొట్టు దగ్గర కూచునే మనవాళ్ళందరిచేతా ఓట్లేయించి లెక్క రాసి పంపు. దొంగ ఓట్లు వేయకు.

నీ
మూర్తి