రికార్డు ఎక్కడ ఈదినా రికార్డే

తిరుపతి

ప్రియమైన రమణకు,

ఉభయకుశలోపరి. చిత్తూరులో మీ పాప తెల్లవారకముందే లేచి బ్యాక్‌స్ట్రోక్ (వెల్లకిలా ఈదే ఈత) సాధన చేస్తోందని చదివి ఎంతో సంతోషించాను. నడుముకు బెండ్లు కట్టుకుని సేద్యపు బావుల్లో ఈత నేర్చుకున్న మన ఇళ్ళలో ఒక పిల్ల జాతీయ పోటీల గురించి ఆలోచించడం చిన్న విషయం కాదు.

మనవాళ్ళు విదేశంలో జాతీయ రికార్డుకన్నా వేగంగా ఈదినా పత్రికలు దాన్ని 'అత్యుత్తమ భారతీయ సమయం' అనే రాస్తున్నాయేమని అడిగావు. జాతీయ ఛాంపియన్‌షిప్‌లో నమోదైన సమయాన్నే జాతీయ రికార్డుగా గుర్తించే పద్ధతి ఉండడమే అందుకు కారణం. పేరున్న ఈతగాళ్ళు జాతీయ పోటీలను తప్పించుకోకుండా ఉండడానికి ఇది ఉపకరిస్తుందనే వాదనలో కొంత న్యాయం లేకపోలేదు. అయినా నాకు ఈ పద్ధతి సరైనదనిపించదు. జాతీయ పోటీలకు వాటిదైన మీట్ రికార్డు, అంటే ఆ పోటీల వరకే లెక్కించే రికార్డు, ఎలాగూ ఉంటుంది. ఆ గౌరవాన్ని దానికే ఉంచి, దేశపు రికార్డును మాత్రం గుర్తింపు పొందిన ఏ పోటీలో సాధించినా ఒప్పుకోవాలి. కొలను పొడవు 50 మీటర్లే, గోడకు అమర్చిన, తాకగానే సమయం నమోదుచేసే టచ్‌ప్యాడ్ లెక్క సెకనులో నూరో వంతు వరకే అయినప్పుడు, ఊరు మారితే ఈత విలువ ఎందుకు మారాలి?

2021 జూన్‌లో రోములో జరిగినదే చూడు. సాజన్ ప్రకాశ్ 200 మీటర్ల బటర్‌ఫ్లైని 1:56.38లో (నిమిషం 56.38 సెకన్లలో) ముగించి, ఒలింపిక్స్‌కు నేరుగా ప్రవేశమిచ్చే 'ఎ' అర్హత సమయాన్ని అందుకున్న తొలి భారతీయుడయ్యాడు. ఆ గీత 1:56.48. వెంటనే శ్రీహరి నటరాజ్ 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్‌లో 53.85 అర్హతను 53.77తో దాటాడు. ఎన్నో ఏళ్ళ శ్రమ అంతా ఒకరికి పది, ఇంకొకరికి ఎనిమిది నూరో వంతుల్లో తేలింది. ఆ తేడా అటువైపు పడితే ఎంత బాధో వీర్‌ధవల్ ఖాడేకు తెలుసు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో 50 మీటర్ల ఫ్రీస్టైల్ హీట్స్‌లో (తొలి వడపోత ఈతల్లో) 22.43 సెకన్లలో ఈదిన అతను ఫైనల్‌లో 22.47తో నాలుగో స్థానంలో నిలిచాడు, కాంస్యం 22.46కు దక్కింది. హీట్స్‌లో చేసిన సమయమే మళ్ళీ చేసి ఉంటే పతకం అతనిదే. ఆ అంకెలు ఇప్పటికీ నన్ను కలతపెడతాయి.

మన తెలుగువాడు, రేపల్లె ప్రాంతం నుంచి సైన్యంలో చేరిన షంషేర్ ఖాన్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఈదిన కాలంలో అధికారులు చేత్తో ఆపే గడియారాలతోనే సమయం పట్టేవారు. ఆ అంకెలను నేటివాటి పక్కన పెట్టేటప్పుడు ఆ సంగతి మరువకూడదు.

పాప విషయానికి వస్తాను. ఆమె సాధన చేసే కొలను 25 మీటర్లదైతే ఆ సమయాన్ని జాతీయ స్థాయి సమయాలతో నేరుగా పోల్చవద్దు. 100 మీటర్ల ఈతలో అక్కడ మూడుసార్లు తిరగాలి, 50 మీటర్ల కొలనులో ఒక్కసారే. తిరిగిన ప్రతిసారీ గోడను తన్నడంవల్ల వేగం అందుతుంది కనుక చిన్న కొలనులో సమయం తక్కువగా కనిపిస్తుంది. బ్యాక్‌స్ట్రోక్‌లో ఇంకో చిక్కు ఉంది. వెల్లకిలా ఈదే పిల్లకు గోడ కనిపించదు. దానికి 5 మీటర్ల ముందు పైన కట్టిన జెండాల తోరణం కంటబడగానే చేతులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళి తాకాలి. ఇక్కడి కొలనులో ఒక కుర్రాడు ఆ లెక్క కుదరక, తల తిప్పి చూసుకుని, ముందున్న స్థానాన్ని పోగొట్టుకోవడం దగ్గర నుంచి చూశాను. పాపకు వేగంకన్నా ముందు ఆ లెక్క వంటబట్టాలి. నీటి అడుగున డాల్ఫిన్ కిక్ (రెండు కాళ్ళూ కలిపి తన్నడం) కూడా నేర్పించమను, కానీ గోడ నుంచి 15 మీటర్లలోపు తల పైకి రాకపోతే అనర్హత వేటు పడుతుందని చెప్పు.

వచ్చే ఉత్తరంలో ఆమె సమయాలు రాసేటప్పుడు, కొలను పొడవెంతో, చేత్తో ఆపే గడియారంతో పట్టినదో యంత్రంతో పట్టినదో పక్కనే రాయి. చెల్లెమ్మకు నా నమస్కారాలు, పాపకు ఆశీస్సులు.

నీ మిత్రుడు,
శ్రీనివాసులు