ప్రైవేటు ఉపగ్రహాలకు షరతులు ముందే రాయాలి

సంపాదకుడు గారికి,

సరిహద్దు నిఘా కోసం పంపబోయే 52 ఉపగ్రహాల్లో 31 ప్రైవేటు కంపెనీలు తయారు చేస్తాయని చదివాను. 2024 అక్టోబరులో కేంద్రం ఆమోదించిన పథకం ఇది. మిగతా 21 ఇస్రోవి. ప్రైవేటు వాళ్లు రావడం మీద నాకు అభ్యంతరం లేదు. 2022 నవంబరులో మన హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ రాకెట్ లేచినప్పుడు టీవీ ముందు చప్పట్లు కొట్టినవాణ్నే.

నా టెన్షన్ వేరే. నేను సైన్యంలో సిగ్నల్స్ హవల్దారుగా రిటైరయ్యాను. కేబుల్ పరవడం మా లైన్ పార్టీ పని. అది తెగితే అర్ధరాత్రయినా చేత్తో తడుముకుంటూ పోయి అతికించి వచ్చేవాళ్లం. లైన్ మాది, ఎవర్నీ అడిగే పనిలేదు.

యుక్రెయిన్‌లో 2022 ఫిబ్రవరి 24న, రష్యా దాడి మొదలైన రోజే, వియాశాట్ ఉపగ్రహ నెట్‌వర్క్ మీద సైబర్ దాడి జరిగి వేల మోడెమ్‌లు చచ్చిపోయాయి. ఎక్కడో జర్మనీలో 5,800 గాలిమరలకు కూడా కనెక్షన్ పోయింది. తర్వాత ఉపగ్రహ ఇంటర్నెట్ సేవ స్టార్‌లింక్ ఆదుకుంది, నిజమే. కానీ 2025 మార్చిలో అమెరికా ప్రభుత్వం ఆపమనగానే అక్కడి ప్రైవేటు కంపెనీ మాక్సార్ ఉపగ్రహ చిత్రాలు కొన్నాళ్లు యుక్రెయిన్‌కు అందలేదు.

అవి పరాయి కంపెనీలు, ఇవి మనవే కదా అంటారు. ఉపగ్రహాలు తయారు చేసి నడిపే కంపెనీల్లో 74 శాతం దాకా విదేశీ పెట్టుబడికి 2024 నుంచి ప్రభుత్వ అనుమతే అక్కర్లేదు. అయినా మనోడైతే మాత్రం? పోయిన యాసంగిలో నా పొలం కోసే మిషన్ మా ఊరోడిదే. పక్క ఊళ్లో గంటకు మూడు వందలు ఎక్కువిస్తామన్నారని సగం మడి వదిలి పోయాడు. ఆ రాత్రే వాన. తడిసిన వడ్లు ఏ రేటుకు అమ్మానో చెప్పుకోవడానికి సిగ్గు.

అందుకే కాగితం ఇప్పుడే రాసుకోవాలి. యుద్ధమొస్తే మొదటి వంతు సైన్యానిదే, రేటు ముందే ఖాయం, ఆ చిత్రాలు ఇంకెవరికీ అమ్మకూడదు, కంట్రోల్ స్టేషన్ ఈ దేశంలోనే ఉండాలి, సంకేత తాళాలు, అంటే సమాచారాన్ని విప్పే రహస్య కోడ్‌లు, సైన్యం చేతిలో ఉండాలి. అమెరికా అంతరిక్ష సైనిక దళం స్పేస్ ఫోర్స్ కూడా శాంతి కాలంలోనే కంపెనీలతో ఇలాంటి ఒప్పందాలకు దిగింది. ఉపగ్రహం కూలితే నష్టం ఎవరిదో కూడా తేల్చాలి. లింకు తెగిన రాత్రి జవాను ఫోన్ చేస్తే అవతల ఎత్తాల్సింది ఎవరో, ఆ పేరు కూడా అందులో రాయాలి.

– ఒక మాజీ సైనికుడు, హాలియా, నల్లగొండ జిల్లా