ముహూర్తం పెట్టుకోకముందే ఇది చదువు

ఒరేయ్ శీనూ,

నిన్న అమ్మ పక్కనే ఉందని ఫోన్ తొందరగా పెట్టేశావు కదా, అందుకే కూర్చుని రాస్తున్నా. మాఘమాసంలో విజయవాడలో నీకు మళ్లీ పెళ్లి అనుకుంటున్నారని వినగానే నిజంగా సంతోషం వేసింది. కానీ నువ్వు వాట్సాప్‌లో పంపిన డల్లాస్ కోర్టు విడాకుల డిక్రీ, అదే నీకూ సునీతకీ విడాకులిచ్చిన ఉత్తర్వు, చదివినప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

అందులో మొదటి పేజీ కింద ఏం రాసి ఉందో చూశావా? ప్రతివాదికి, అంటే సునీతకి, నోటీసు అందింది, అయినా హాజరు కాలేదు, జవాబూ ఇవ్వలేదు అని. ఆ తర్వాత విడాకులకు కారణం: ఇద్దరికీ పొసగడం లేదు, మళ్లీ కలిసే ఆశ లేదు. టెక్సాస్‌లో అది సరిపోతుంది, 6 నెలలుగా అక్కడ కాపురం ఉన్నవాడు పిటిషన్ వేసి 60 రోజులు ఆగితే చాలు. ఇక్కడ మాత్రం సరిగ్గా ఆ రెండు ముక్కలే కొంప ముంచేది.

నేనేదో భయపెట్టడానికి చెప్పడం లేదురా. నరసింహారావు, వెంకటలక్ష్మి కేసని మన లాయర్లందరికీ తెలిసిన తీర్పు ఉంది. 1975లో తిరుపతిలో పెళ్లి. తర్వాత ఆయన అమెరికా మిస్సోరీ కోర్టులో, నేను 90 రోజులుగా ఇక్కడే ఉంటున్నానని చెప్పి కేసు వేశాడు. ఆవిడ ఇక్కడి నుంచే అభ్యంతరం రాసి పంపింది, అక్కడికి వెళ్లలేదు. 1980లో డిక్రీ వచ్చింది, 1981లో యాదగిరిగుట్టలో ఆయన ఇంకో పెళ్లి చేసుకున్నాడు. ఆవిడ రెండో పెళ్లి నేరం కింద కేసు పెడితే చీరాల మేజిస్ట్రేట్ ఆయన్ని వదిలేశారు, హైకోర్టు ఆ ఆర్డరు కొట్టేసింది, చివరికి 1991లో సుప్రీంకోర్టు ఆ అమెరికా డిక్రీ ఇక్కడ చెల్లదని తేల్చి, ఆ కేసు నడపమంది.

ఆ తీర్పులో చెప్పిందేమిటంటే, ఏ చట్టం కింద పెళ్లి చేసుకున్నారో ఆ చట్టం ఒప్పుకునే కోర్టే, అది ఒప్పుకునే కారణం మీదే విడాకులివ్వాలి. మినహాయింపులు మూడే. అవతలి మనిషి ఆ దేశంలోనే స్థిరంగా ఉంటూ, కారణం కూడా మన చట్టంలో ఉన్నదై ఉండాలి. లేదా తనంతట తాను ఆ కోర్టుకి వచ్చి, మన చట్టంలోని కారణం మీదే వాదించి ఉండాలి. అదీ కాకపోతే విడాకులకు ఒప్పుకుని ఉండాలి. సునీత ఈ మూడింట్లో దేనికీ రాదు, అప్పటికే గుంటూరు వచ్చేసింది. పైగా "మళ్లీ కలిసే ఆశ లేదు" అనేది హిందూ వివాహ చట్టంలో ఇప్పటికీ కారణం కాదు. 2023లో సుప్రీంకోర్టు ఆ మాట మీద విడాకులు ఇవ్వొచ్చంది కానీ, ఆ అధికారం తనకే, గుంటూరు ఫ్యామిలీ కోర్టుకి కాదు.

నీ స్నేహితుణ్నే అయినా ఆ తీర్పు నాకు న్యాయంగానే అనిపిస్తుంది. నీ వీసా మీద వచ్చిన అమ్మాయి, ఉద్యోగం లేకుండా తిరిగొచ్చింది, డల్లాస్‌లో లాయర్‌ని పెట్టుకోవడానికి డాలర్లు ఎక్కడి నుంచి తెస్తుంది? మెయిల్లో వచ్చిన కాగితాలకు జవాబు రాయకపోతే పెళ్లే లేకుండా పోయిందంటే ఎలారా? ఇప్పుడు తన పరిస్థితి కూడా చూడు, అక్కడి లెక్కలో విడాకులు అయిపోయాయి, ఇక్కడి లెక్కలో నీ భార్యే. తను ఇంకో పెళ్లి చేసుకోవాలన్నా ఇదే చిక్కు.

నువ్వు మాఘంలో తాళి కట్టేస్తే ఆ పెళ్లి చెల్లకపోవచ్చు, కేసు రుజువైతే 7 ఏళ్ల వరకు జైలు. కొత్తగా వచ్చే అమ్మాయి ఏం పాపం చేసిందని?

నాకు తోచిన దారి ఒకటే, ముందు సునీతతో మాట్లాడు. మీ ఇద్దరి మధ్య పెద్ద గొడవేం లేదని నువ్వే అన్నావు కదా. ఒప్పుకుంటే పెళ్లి జరిగిన గుంటూరులోనే పరస్పర అంగీకారంతో పిటిషన్ వేయండి. ఏడాది విడిగా ఉండాలన్న షరతు ఎప్పుడో దాటిపోయింది. పిటిషన్ వేశాక ఆగాల్సిన 6 నెలల గడువు కూడా తగిన కారణం ఉంటే కోర్టు తీసేయొచ్చని 2017లోనే సుప్రీంకోర్టు చెప్పింది. నీ తరఫున ఎవరికైనా పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి, నువ్వు వీడియోలో హాజరు కావచ్చేమో లాయర్‌ని అడుగుదాం. ఒప్పుకోకపోతే ఇక్కడే మామూలు విడాకుల కేసు, టైం పడుతుంది, తప్పదు.

డిక్రీ సర్టిఫైడ్ కాపీ తీసుకుని అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా అక్కడి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) వేయించి పంపు, ఫోన్లో తీసిన ఫోటోలు పనికిరావు. పెళ్లివాళ్లతో అడ్వాన్సుల మాట ఆపమని అమ్మకి నువ్వే చెప్పు, కావాలంటే కాల్లో నేనూ ఉంటా. ఆదివారం నీ పొద్దున టైముకి చేస్తాను, ఎత్తు.

నీ
రవి